గట్టు దాటిన మట్టి

నమోదు 301

నీళ్ళ విమానం ఇవాళ కూడా రాలేదు. ఎదురుచూడడం మానేసి చాలా కాలమైంది, వచ్చినప్పుడే చూసుకుంటున్నాం.

శిబిరం ఇన్‌చార్జి ఎన్నో రోజో నంబరు వేసి రోజూ ఇలా రాసి పంపాలని హెడ్డాఫీసు నియమం. అక్కడ ఎవరైనా చదువుతారో, పెట్టెలో పడేస్తారో దేవుడికెరుక. చదివేవాళ్ళుంటే వినండి బాబూ. కందిపప్పు అడుగంటింది, రెండో కడుగుయంత్రం పొద్దుటినుంచీ గురక పెడుతోంది, జనం మాత్రం ఎప్పటిలాగే కంచె పొడుగునా కూర్చుని దగ్గుతున్నారు.

మా తీరసీమ వాళ్ళు సముద్రంలో మబ్బుల్ని పట్టి లాగే మబ్బుకొక్కేలు నాటినప్పటినుంచి ఈ కెవార్ దేశంలో వాన లేదు. కొక్కేలకీ కరువుకీ సంబంధం లేదని మా ప్రభుత్వం అంటుంది. మా వాన మీరే లాక్కుపోయారని వీళ్ళు అంటారు. నేను ఆ చదువులు చదవలేదు. మా ఊళ్ళో గొడుగు లేకుండా గడప దాటలేం, ఇక్కడి పిల్లలకి గొడుగంటే ఏమిటో బొమ్మ గీసి చూపించాలి. నాకు తెలిసింది అంతే.

వాన లేక పొలాలు పొడైపోయాయి. ఆ పొడి మనుషుల ఊపిరితిత్తుల్లో చేరింది. మేం ఆ ఊపిరితిత్తులు కడగడానికి వచ్చాం. మనిషిని నిద్రపుచ్చి, ఒక పక్క గాలి పీల్చుకోనిస్తూ, రెండో పక్కని ఉప్పునీళ్ళతో నింపాలి, వంచెయ్యాలి, మళ్ళీ నింపాలి. మొదట వచ్చే నీళ్ళు కుడితిలా ఉంటాయి. కాసేపు వదిలేస్తే అడుగున ఎర్రటి మట్టి పేరుకుంటుంది. రెండు పక్కలూ ఒకేసారి కడిగితే మనిషి దక్కడు. ఒక పక్క అయ్యాక నెల ఆగి రెండోది.

మా ఓషాకి కుడి పక్క అయింది, ఎడమది మిగిలింది. వచ్చే వారం పెట్టాం. అది ఇక్కడి పిల్లే, ఒకప్పుడు లారీ నడిపేది, ఇప్పుడు మాకు దుబాసీ. తెలుగు నా దగ్గరే నేర్చుకుంది. పాఠాలు చెప్పే తీరిక నాకెక్కడిది, నా తిట్లూ నా సణుగుడూ విని పట్టేసింది. అందుకని అచ్చం మా పైడమ్మత్త లాగా మాట్లాడుతుంది, అక్కా అనడానికి కూడా మా వైపు లాగే 'అప్పా' అంటుంది.

"ఏటప్పా, నువ్వు కూడా దగ్గుతున్నావు?" అంది ఇవాళ.

"పొగే, పొయ్యి పొగ" అన్నాను.

"పొయ్యి ఆరిపోయి గంటైంది గదా" అంది.

డాక్టరు హెప్సిబా కూడా ఛాతీ ఫొటో తీయించుకోమని నస పెడుతోంది. తీయించుకుంటే ఏదో ఒకటి కనబడుతుంది. కనబడితే ఉండిపోవాలి. నా బదులు మనిషి వచ్చే విమానంలో వస్తున్నాడు. నేను ఇంటికి పోయి, వాన చప్పుడు వింటూ, ఎవరూ లేపకుండా పడుకోవాలి. నాకు ఇంకేమీ వద్దు.

నమోదు 304

విమానం వచ్చింది, నీళ్ళు దింపింది, పీపాలు ఎక్కించుకుని పోయింది. నా బదులు మనిషి రాలేదు. అతని కూతురి పెళ్ళట, ఇంకో విమానంలో పంపుతారట. సరే.

ఈ పీపాల సంగతి చెప్పాలి. కడిగిన నీళ్ళు వడకట్టగా మిగిలిన మట్టిని, ఎవరిది వారి పేరు రాసి, చిన్న చిన్న పీపాల్లో మూసేస్తాం. ఆసుపత్రి చెత్తని ఇంకొకరి దేశంలో పారెయ్యకూడదని మా నియమం. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం కూడా: "మీ నేల మీద మా చెత్త వదలం." చాలా గొప్పగా చెప్పుకున్నాం. ప్రతి విమానంలోనూ పీపాలు మా దేశం పోతాయి.

విమానం లేచిన మర్నాడు కంచె దగ్గర ఒక్కడు లేడు. కొత్తవాళ్ళు సరే, రెండో పక్క కడిగించుకోవలసినవాళ్ళు కూడా రాలేదు. ఆకలి లేనివాడు అన్నం మానెయ్యొచ్చు, ఊపిరాడనివాడు ఊపిరి ఎలా మానేస్తాడు? నాకు భయం వేసింది.

సరిగ్గా ఇదే సమయానికి మా విదేశాంగ శాఖ నుంచి వర్మ గారు దిగారు. దంతులూరి విజయేంద్ర వర్మ, గోదావరి మనిషి, మర్యాదకి పెట్టింది పేరు. మబ్బుకొక్కేల మీద రెండు దేశాలూ మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి. వాళ్ళ కప్పు కింద మావాళ్ళు కూర్చోరు, మా కప్పు కింద వాళ్ళు కూర్చోరు. చివరికి మా శిబిరం భోజనాల షెడ్డు తేలింది. నేల వాళ్ళది, రేకు మాది. ఊపిరి కడుగుతున్నామన్న ఒక్క కారణానికి కెవార్ వాళ్ళు ఈ మాత్రం ఒప్పుకున్నారని వర్మ గారే అన్నారు.

"మీ శిబిరమే లేకపోతే ఈ చర్చల బల్లే లేదండమ్మా" అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించి, "ఇవాళ మొదటి సమావేశంలో వాళ్ళు ఒక్కటే మాటండీ. 'ముందు మీరు తీసుకెళ్ళింది తిరిగి ఇవ్వండి' అని. వానే అనుకున్నాను. కాదట. ఇంకేమిటో చెప్పరు. మీకేమన్నా తెలుసా?" అన్నారు.

తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

నమోదు 305

తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

పొద్దున్న ఓషా వంటపాకలోకి వచ్చి నిలబడింది. ఎప్పుడూ వచ్చీ రాగానే గిన్నెల మూతలు తీసి చూసే మనిషి, ఇవాళ ఏదీ ముట్టుకోలేదు.

"పీపాలు ఎక్కడ దాసినారప్పా?"

"దాచడమేటే? విమానంలో పంపీసినాం గదా. ప్రతిసారీ పంపుతున్నదే."

"మందుల గొడౌన్లో ఉన్నాయనుకున్నాను" అంది. "ఎల్లిపోయేముందు అందరివీ ఇచ్చీసి ఎల్తారనుకున్నాం. మొన్న మా సిన్నాయన విమానం కాడ సూసినాడట. ఊరంతా సెప్పినాడు."

"మట్టేనే అది! చెత్త!"

అనేశాను. దాని ముఖం చూశాక నాలుక కరుచుకున్నాను.

అప్పుడు కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. కెవార్‌లో పొలం నుంచి ఇంటికి వచ్చేవాళ్ళు గట్టు మీద ఆగుతారు. బట్టలు, కాళ్ళు, జుట్టు దులుపుతారు. దులుపుతూ ఆ పొలం పేరు పలుకుతారు. ఆ పొలం మట్టి ఆ పొలానికే. ఒక్క రవ్వ గట్టు దాటినా పొలం దాన్ని వెతుక్కుంటూ లేస్తుందట. ఈ దుమ్ముగాలులన్నీ అవేనట, తప్పిపోయిన మట్టికోసం తిరుగుతున్న పొలాలు. పంటలు పోయి పొలాలు బీళ్ళైపోయినా ఈ దులుపుడు మాత్రం ఎవరూ మానలేదు. ఓషా మా శిబిరం లారీ దిగినప్పుడల్లా చీపురుతో ఒళ్ళు దులుపుకోవడం నేనే చూశాను. శుభ్రత అనుకున్నాను.

"ముందు మబ్బు పట్టుకుపోనారు, ఇప్పుడు లోపలి మట్టి కూడా పట్టుకుపోతన్నారని అంటన్నారప్పా" అంది.

"ఇన్నాళ్ళూ నోరు విప్పలేదేమే?"

"ఇచ్చే సేతిని అడగకూడదు. మాకు తప్పు. పెట్టినవాళ్ళని పట్టుకుని 'నాది నాకియ్యి' అంటామేటి?"

హెప్సిబా, నేను వెంటనే పీపాలు చేరే మా దేశపు రేవు గొడౌనుకి ఫోను కలిపాం. ఉన్నవన్నీ వెనక్కి పంపమని చెబుదామని. అవతల కుర్రాడు ఎంతో హుషారుగా చెప్పాడు: "ఏమీ మిగల్చలేదు మేడమ్! వచ్చినవి వచ్చినట్టు కొలిమిలో వేసేస్తున్నాం. మొన్నటివి కూడా నిన్ననే అయిపోయాయి. ఎక్కడా పెండింగు లేదు."

శెభాష్ అనలేకపోయాను. ఇక్కడ మిగిలింది మొన్న విమానంలో పట్టక ఆపిన పది పన్నెండు పీపాలు. ఓషా కుడి పక్కది వాటిలో లేదు, ఎప్పుడో కాలిపోయింది.

నమోదు 306

వర్మ గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పై వాళ్ళతో మాట్లాడి వచ్చి, "ఒక మార్గం ఉందండమ్మా" అన్నారు.

మార్గం ఏమిటంటే ఖాళీ పీపాలు మా దగ్గర బోలెడున్నాయి. బయట మట్టికి కొదవ లేదు. నింపి, పేర్లు రాసి, అన్నీ భద్రంగా ఉన్నాయని చెప్పి అప్పగించెయ్యడం.

హెప్సిబా గుంటూరు మనిషి, ఊరుకుంటుందా? "ఏందండీ మీరనేది? వాళ్ళ ఒంట్లోంచి వచ్చినదాని బదులు రోడ్డు మీద దుమ్ము ఎత్తిస్తారా?"

"దుమ్ము దుమ్మే కదండీ, డాక్టరు గారూ. వాళ్ళ నేల మీదదేగా."

"మరి నిజం చెప్తే?"

"బల్ల తిరగబడుతుంది. బల్ల తిరగబడితే శిబిరం ఎత్తెయ్యమని నాకు ముందే ఆదేశాలున్నాయండి. చర్చల్లో ఏ ఫలితమూ లేకుండా ఉత్త మంచితనానికి మనకి డబ్బులెవరిస్తారు చెప్పండి." అలా అని ఆయన తలొంచుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన కళ్ళ కింద కూడా నాకున్నంత నలుపుంది.

 ఉన్నమాట రాస్తున్నాను, నాకు ఆ మార్గం బాగానే కనబడింది. శిబిరం ఎత్తేస్తే ఓషా ఎడమ పక్క అలాగే ఉండిపోతుంది. ఒక పక్క ఊపిరితో ఇంకెన్నాళ్ళు లాక్కొస్తుంది? ఎడమ పక్కది రాయి కట్టేసిందని హెప్సిబా ఫొటోలో చూపించింది. కాస్త మట్టి నింపితే మనిషి బతుకుతుందంటే నింపితే ఏం పోయింది? ఇలా అనుకుంటూ పోయి నేనే పార వెతికాను. పీపాలు నింపుతుంటే దగ్గు తెర తెరలుగా వచ్చింది.

సగం నింపాక గుర్తొచ్చింది. ఎల్లుండి సమావేశంలో వర్మ గారి మాటని కెవారీలో చెప్పవలసింది ఓషాయే.

నమోదు 307

చెప్పకుండా ఉండలేకపోయాను. తెలియకుండా దాని చేత అబద్ధమాడించడం నా వల్ల కాదు.

పీపాల షెడ్డు దగ్గరికి పిలిచి అంతా చెప్పాను. కాలిపోయాయని, ఈ మట్టి బయటదని, రేపు ఏమనాలో.

ఓషా తన పేరు రాసి ఉన్న పీపా మూత తీసి, వేలితో కెలికి చూసింది.

"ఇలగే అంటే నా ఎడం పక్క కడుగుతారు."

"కడుగుతారు."

"నిజం అంటే?"

"మమ్మల్ని విమానం ఎక్కించీస్తారు."

"మరి నువ్వేటంటావు?"

"నాను అలిసిపోనానే తల్లీ" అన్నాను. కళ్ళనీళ్ళు వచ్చేశాయి. "ఏదో ఒకలాగ నువ్వు బతకాల. అంతే నాకు కావాల్సింది."

అది నా భుజం తట్టింది. ఓదార్చాల్సింది నేను, ఓదారుస్తున్నది అది. "మా నాయిన పొలం పేరు నువ్వెప్పుడూ అడగలేదప్పా" అంది. "సిలాయి. పేరు సెప్పకుండా దులిపితే మా నాయిన తిట్టీవోడు. నా కుడి పక్కంతా సిలాయే ఉండీది. సిన్నప్పట్నుంచీ ఆ పొలంలోనే పెరిగినాను గదా."

మూత మళ్ళీ బిగించి పెట్టింది. రేపు ఏమంటుందో చెప్పలేదు, నేను అడగలేదు.

నమోదు 308

సమావేశం. రాయకపోతే మర్చిపోతానని కాదు, ఎవరికైనా చెప్పుకోవాలి.

బల్లకి అటు గట్టుపెద్ద ఇమ్రూన్. ముసలాయన, పొలాల గట్ల తగువులు తీర్చే ఇంటివాడు, కెవార్ తరఫున పెద్దమనిషి. ఆయన పక్కన ఉడుకు రక్తం కుర్ర ప్రతినిధులు. ఇటు వర్మ గారు, హెప్సిబా. మధ్యలో ఓషా. టీ గ్లాసులు పట్టుకుని నేను. వెనక గోడ వారగా పీపాలు.

వర్మ గారు లేచి, చక్కగా, నెమ్మదిగా అన్నారు: "మీ పౌరుల నుంచి సేకరించిన మట్టి యావత్తూ మా వద్ద భద్రంగా ఉంది. దానిని గౌరవంగా మీకు అప్పగిస్తున్నాం."

అందరూ ఓషా వైపు చూశారు. ఓషా నోరు తెరిచింది. మాట రాలేదు. వర్మ గారు ఇంకోసారి అన్నారు. ఓషా బల్ల అంచు పట్టుకుంది. అబద్ధం ఆడితే ఊపిరి, ఆడకపోతే లేదు. ఆ బరువు దాని నెత్తిన పెట్టి టీ గ్లాసులు పట్టుకుని చోద్యం చూస్తున్నాను నేను. ఛీ అనిపించింది.

గ్లాసులు కింద పెట్టాను. నాకొచ్చిన కెవారీ అంతంత మాత్రం, బజారులో ఉల్లిపాయలు బేరమాడడానికి పనికొచ్చేది. దాంతోనే అన్నాను: "ఈ మట్టి మీది కాదు. రోడ్డుది. మీది కాలిపోయింది. మా దేశంలో కాల్చారు. నేను పంపాను. చెత్త అనుకున్నాను. ఆ చివర ఉన్నవి, కొన్నే, అవి మాత్రం మీవి."

వర్మ గారు కళ్ళు మూసుకున్నారు. కుర్ర ప్రతినిధులు కుర్చీలు తోసేసి లేచారు, ఒకడు బల్ల మీద గుద్దాడు. నేను ఇంకేదో అనబోయాను, దగ్గు పట్టుకుంది. ఈసారి ఆగలేదు. నడుం వంగిపోయింది, ఓషా పరుగున వచ్చి పట్టుకుంది.

ఇమ్రూన్ చెయ్యెత్తాడు. అందరూ ఆగారు. ఆయన నెమ్మదిగా లేచి బల్ల చుట్టి వచ్చి, నా వీపుకి చెవి ఆనించాడు. ఇక్కడి పెద్దలు జబ్బు మనిషిని అలాగే చూస్తారు. పీల్చమన్నాడు, పీల్చాను. వదలమన్నాడు, వదిలాను.

"ఈవిడ ఎప్పుడు వెళ్ళిపోతోంది?" అని అడిగాడు.

"వచ్చే విమానంలో" అంది ఓషా.

ఆయన తనవాళ్ళ వైపు తిరిగి అన్నది ఓషా నాకు తెలుగులో చెప్పింది: "ఈయమ్మ లోపల మన మట్టి ఉందట. శిబిరంలో అందరి లోపలా ఉంటదట. ఇంటికొచ్చినోల్ని గట్టు మీద దులపకుండా పంపితే ఆ తప్పు మనదే అంటన్నాడు. ఓలిది ఓలు సేసినారు, ఇక మనది మనం సెయ్యాల అంటన్నాడు. అందర్నీ కడిగిందాకా, మనోల్నీ, ఓల్నీ, శిబిరం కదలడానికి లేదట."

కుర్రవాళ్ళు సణిగారు గానీ కూర్చున్నారు. వాళ్ళ ఆచారం మమ్మల్నే కాదు, వాళ్ళనీ కట్టేసింది. ఇటు వర్మ గారికి కూడా దారి దొరికింది. మా మనుషులకే వైద్యం కావాలంటే శిబిరం ఎత్తెయ్యమని పైవాళ్ళు మాత్రం ఎలా అంటారు?

వెళ్ళబోతూ ఇమ్రూన్ వర్మ గారి ముందు ఆగాడు. "మట్టి సంగతి నిజం చెప్పారు. రేపు మబ్బు సంగతి అడుగుతాం. అదీ ఇలాగే చెప్పండి."

ఓషా అది కూడా తెలుగు చేసింది. వర్మ గారు కుర్చీలో కూలబడి, "ఆయ్" అన్నారు.

నమోదు 331

ఇన్నాళ్ళు రాయలేదు. ఆఫీసు వాళ్ళు అడిగారు, పని ఉందన్నాను. నిజంగానే ఉంది, కంచె దగ్గర మళ్ళీ జనం.

నా బదులు మనిషి వచ్చాడు. పప్పు, చింతపండు తెచ్చాడు. నేను వెళ్ళలేదు. వెళ్ళనివ్వలేదు.

వర్మ గారు బల్ల దగ్గరే ఉన్నారు. కొక్కేలు ఒక్క వానాకాలం దించి చూద్దామని ఇమ్రూన్ అడిగాడు. వర్మ గారు ఆ మాట పైకి పంపారు. 'పరిశీలిస్తాం' అని జవాబొచ్చింది. "ఇదివరకు కొక్కేలన్న మాటకే ఫోను పెట్టేసేవారండమ్మా, ఇది గొప్పే" అంటున్నారు. నాకు గొప్పగా ఏమీ అనిపించలేదు. కానీ ఆయన ఇంకా ఇక్కడే తింటున్నారు, అంటే మాటలు నడుస్తున్నట్టే.

ఓషా ఎడమ పక్క కడిగారు. మూడు రోజులకి లేచి కూర్చుని పులుసన్నం అడిగింది. తన మట్టి తను తీసుకుపోయి సిలాయి గట్టు మీద పోసి వచ్చింది. తర్వాత నా కుడి పక్క కడిగారు. మెలకువ వచ్చాక హెప్సిబా సీసా చూపించింది. "చూడక్కా, పొయ్యి పొగ!" అంది. అడుగున బెత్తెడు ఎర్రమట్టి. నా లోపల ఇదంతా పెట్టుకుని ఇంటికి పోయి పడుకుందామనుకున్నాను.

ఇవాళ సాయంత్రం ఓషా వచ్చి సీసా చంకన పెట్టుకుని, "పద" అంది. నడిచాం. ఇదివరకు నాలుగడుగులకోసారి ఆగే మనిషి, ఇవాళ ఎక్కడా ఆగలేదు. నేనే ఆగాను. గట్టు దగ్గర సీసా నా చేతికిచ్చింది.

"ఏ పేరు చెప్పాలే? నాకిక్కడ పొలం ఎక్కడుంది?"

"సిలాయి అను."

"అది మీ నాయిన పొలం గదే. నాలో ఉన్నది ఏ పొలందో ఏటో. గాలికొచ్చిన మట్టి."

"గాలి సిలాయి మీదినుంచి కూడా వొచ్చింది గదా" అంది. బీడు వైపు చూస్తూ, "నా ఎడం పక్కది పోసీసినాను. కుడి పక్కది కాలిపోనాది. సగమే వొచ్చిందేటని సిలాయి నన్నడుగుద్దప్పా. ఆ సగం నువ్వియ్యి" అంది.

సీసా మూత తీశాను.  "సిలాయి" అన్నాను. ఇంకోసారి గట్టిగా అనమంది, అన్నాను. సీసా వంచాను.

గాలికి కొంచెం మట్టి నా చీర మీద పడింది. ఓషా వంగి కుచ్చిళ్ళు పట్టుకుని, ఒక్క రవ్వ కూడా గట్టు దాటకుండా, శ్రద్ధగా దులిపింది.